పసి

ఐదో సీసా మూత తీసేసరికి గదిలో సగంమందికి డోకు వచ్చింది.

మొదటి సీసాలో కుళ్ళిన గుడ్డు. తర్వాతది వానకు తడిసి సంచిలోనే మగ్గిన మేజోళ్ళు. ఆ తర్వాత పాడైపోయిన పాలు, చెమట. ఐదో సీసాలో ఏముందో డైరెక్టర్ పురుషోత్తం చెప్పలేదు. వాసన చూశాక అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అకౌంట్స్ సుబ్బలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది.

"ఇంకొక్కటే. ఓర్చుకోండి" అన్నాడు పురుషోత్తం, నోట్లో ఏలక్కాయ నములుతూ.

విశాఖపట్నంలో కొండవాలు మీద ఉన్న ఆ పరిశోధన సంస్థలో చదువుకున్న మనుషులు వరసగా నిలబడి కంపు వాసనలు చూడటం వెనక పెద్ద ఆశయమే ఉంది. జలుబును మందుతో గెలవడం ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు. వందల రకాల వైరస్‌లు, ఒక్కో ఏడు ఒక్కో వేషం. అయితే జలుబు పట్టినవాడు తుమ్మడం మొదలుపెట్టకముందే పక్కవాడికి అంటించేస్తాడు. ఆ ముందు రోజుల్లోనే జనం వాడికి దూరంగా జరిగితే? జరగమని చెబితే ఎవరూ జరగరు. కడుపులో తిప్పితే మాత్రం ఎవరూ చెప్పకుండానే జరుగుతారు.

అందుకే డాక్టర్ రత్న ఒక బ్యాక్టీరియాను తయారుచేసింది. ముక్కులో ఒక్కసారి పిచికారీ చేస్తే అక్కడే కాపురం పెడుతుంది, ఏ హానీ చెయ్యదు. జలుబు వైరస్ వచ్చి ముక్కులోపలి కణాలను కొరకడం మొదలుపెట్టగానే, దాన్ని కనిపెట్టి ఒక వాయువును వదులుతుంది. ఊపిరి కంపు కొడుతుంది. కొట్టేవాడి ముక్కు దానికి అలవాటుపడిపోతుంది కాబట్టి వాడికి తెలియదు. ఎదుటివాడికి తెలుస్తుంది.

ఇక తేలవలసింది ఒక్కటే. ఏ కంపు? విషం కానిది కావాలి, బ్యాక్టీరియా తేలిగ్గా చెయ్యగలిగినది కావాలి, ప్రతి మనిషీ ఆలోచించకుండా వెనక్కి జరిగేలా చేసేది కావాలి. వాసన చూడటానికి మనుషులు కావాలంటే పురుషోత్తం సంస్థ క్యాంటీన్‌కు వెళ్ళి, అక్కడ భోంచేస్తున్నవాళ్ళను పిలుచుకొచ్చాడు. 'మాంసాహారం లోపలికి తేరాదు' అని గోడమీద బోర్డున్న క్యాంటీన్ అది. ఒక మనిషి తక్కువైతే రత్న కూడా వరసలో నిలబడింది.

ఆరో సీసా మూత లేచింది.

"ఛీ!" అన్నారెవరో. "అబ్బ, ఇదేం కంపు సార్" అంటూ ఒకాయన గోడదాకా వెనక్కి వెళ్ళాడు. ఇద్దరు కళ్ళు మూసుకున్నారు.

రత్నకు మాత్రం ఎండలో పరిచిన వలలు కనిపించాయి. ఇసుకమీద బారుగా ఆరబోసిన చిన్న నెత్తళ్ళ చేపలు, వాటిమీద వాలబోయే కాకుల్ని వెదురుపుల్లతో తోలుతున్న అమ్మ. ఆమె పూర్తి పేరు గరికిన నూకరత్నం. పుట్టింది సముద్రం ఒడ్డున జాలరిపేటలో. తల్లి అప్పయ్యమ్మ ఎండుచేపలు అమ్మి ఆమెను డాక్టరేటు దాకా చదివించింది. ఆ సంగతి ఈ గదిలో ఒక్కరికీ తెలియదు. కాలేజీ హాస్టల్లో ఒకమ్మాయి ఆమె టిఫిన్ డబ్బాను కిటికీలోంచి బయటికి విసిరేసిన రోజునుంచీ రత్న ఎవరికీ తెలియనివ్వలేదు.

చుట్టూ చూసింది. అందరి మొహాలూ వంకర్లు పోయి ఉన్నాయి. ఒక్క క్షణం ఆలస్యంగా ఆమె కూడా ముక్కు చిట్లించింది. ముందున్న మీటల్లో 'భరించలేను' అన్నదాన్ని నొక్కింది.

"ఏకగ్రీవం" అన్నాడు పురుషోత్తం, చేతులు రుద్దుకుంటూ. "ఎండుచేప. మనిషన్నవాడు ఎవడూ తట్టుకోలేడు."

* * *

మందుకు పేరు కూడా పురుషోత్తమే పెట్టాడు. "పసిగట్టేది కాబట్టి పసి. పసివాళ్ళను కాపాడేది కాబట్టి కూడా పసి" అని ప్రయోగం ప్రారంభించిన రోజున వేదికమీద చెప్పి, కెమెరాల ముందు తన ముక్కులోనే మొదటి పిచికారీ చేసుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

నగరంలో సగంమంది ముక్కుల్లోకి పసి చేరింది. చేరాక నగరం మారిపోయింది.

ఆఫీసు లిఫ్టులో ఎక్కినవాడు, ఒక్క శ్వాస వదలగానే, తలుపులు మూసుకోకముందే ఒంటరివాడయ్యేవాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ బంతిలో కూర్చుంటే, ఆ బంతి మొత్తం విస్తళ్ళముందునుంచి లేచిపోయింది. భార్యలు భర్తలను బాల్కనీలో పడుకోబెట్టారు. బడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి, నోళ్ళు తెరిపించి, మాస్టార్లు వాసన చూసి ఇళ్ళకు పంపేవారు. 'పసెక్కాడు' అన్న మాట పుట్టింది. అది తిట్టుగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

జలుబు తగ్గిందా అంటే, తగ్గింది. మందుల షాపుల్లో దగ్గు సీసాలమీద దుమ్ము పేరుకుంది. జనం తమ అసహ్యాన్ని చూసుకుని మురిసిపోయారు. "మాది బాగా సున్నితమైన ముక్కండీ" అని చెప్పుకోవడం ఒక గొప్ప అయింది. కొందరు వాసన రాకపోయినా ముక్కు మూసుకునేవారు. అలవాటు కోసం.

ఒక ఆదివారం అప్పయ్యమ్మ కూతురి ఫ్లాటుకు నడిచి వచ్చింది. వారం వారం వచ్చేది బస్సులో. ఆ రోజు కాళ్ళనిండా దుమ్ము.

"ఏటైనాదే అమ్మా?" అంది రత్న. తల్లి ఎదురుపడితే ఆమె నోట్లోంచి ఆఫీసు భాష మాయమైపోతుంది.

"బస్సోడు దించీసినాడే. పసెక్కినావు, దిగు అన్నాడు. నాకు పసెక్కడమేటిరా, తుమ్ము కూడా నేదు, ఇది నా గంప వాసన అన్నాను. ఇన్నాడా? ఎనకాల కూకున్న ఆడోళ్ళంతా ఉమ్ములు ఊసినారు." చెంబుడు నీళ్ళు తాగి మూతి తుడుచుకుంది. "పోనీలే. ఆ బస్సు కన్నా నానే బేగి వొచ్చినాను. ఏదీ, నా గుంటనిలా తే."

నాలుగు నెలల పాపను రత్న ఆమె ఒళ్ళో పెట్టింది. అప్పయ్యమ్మ మనవరాలి నడినెత్తిమీద ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. పాప అమ్మమ్మ కొంగును గుప్పిట పట్టుకుని చప్పరించింది.

అప్పయ్యమ్మకు కూడా పసి వేసింది రత్నే. ఆ ఆదివారం తల్లి దగ్గర వాసన వచ్చింది. ఎప్పుడూ వచ్చే వాసనే. రత్న ముక్కు దాన్ని పుట్టినప్పటినుంచీ అమ్మ వాసనగానే ఎరుగును. వెనక్కి జరగాలని ఆమెకు తోచలేదు.

మర్నాడు అప్పయ్యమ్మ తుమ్మింది. ఆ వారం చివరికి పాప పాలు తాగడం మానేసింది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడుతూ, పిట్టలా ఎగశ్వాస తీస్తోంది.

* * *

"మామూలు జలుబు వైరస్సే" అన్నాడు పిల్లల డాక్టరు. "పెద్దవాళ్ళకు ముక్కు కారి తగ్గిపోతుంది. ఇంత చిన్నవాళ్ళకు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఆక్సిజన్ పెట్టాం. ఇంట్లో ఎవరికైనా పసెక్కిందా?"

"లేదు" అన్నాడు రత్న భర్త భార్గవ్ వెంటనే. తర్వాత భార్య మొహంలోకి చూశాడు. "అత్తయ్యకా?"

రత్న తల ఊపింది. మందు పనిచేసింది. తన ముక్కు పనిచెయ్యలేదు. ఎండుచేపల మధ్య పెరిగిన ఎవరి ముక్కూ పనిచెయ్యదు. అమ్మ ఊపిరిలో వచ్చిన హెచ్చరిక అమ్మ కొంగులోని వాసనలో కలిసిపోయింది.

జలుబు తగ్గాక అప్పయ్యమ్మ ఆస్పత్రికి వచ్చింది. వరండాలో బెంచీమీదివాళ్ళు ఒకేసారి లేచారు. ఒకావిడ తన పిల్లవాడి మొహాన్ని గుండెలకు అదుముకుని గోడవైపు తిరిగింది. సెక్యూరిటీ మనిషి చేతికర్రను అడ్డం పెట్టి, కర్ర చివరతోనే "అవతలికి పో" అన్నట్టు చూపించాడు. నోరు తెరిస్తే అంటుకుంటుందన్నంత అసహ్యం అతని మొహంలో.

"నాకు తగ్గిపోనాది బాబూ. టెస్టు సేసి మా పేట డాక్టరమ్మే సెప్పింది."

"కంపు తగ్గలేదు కదా" అన్నాడు వెనకనుంచి ఎవరో. కొందరు నవ్వారు.

భార్గవ్ రత్నను పక్కకు తీసుకెళ్ళాడు. "నేను చెడ్డవాడిలా కనపడతానని తెలుసు. కానీ అత్తయ్యను కొన్నాళ్ళు రావద్దని చెప్పు. ఇంటిక్కూడా. ఏది జబ్బో ఏది కాదో మనకే తెలియడం లేదు."

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. 

చెప్పవలసిన అవసరం రాలేదు. రత్న గేటు దగ్గరికి వెళ్ళేసరికి అప్పయ్యమ్మ కుళాయి కింద చేతులు కడుక్కుంటోంది. మోచేతులదాకా సబ్బు, మళ్ళీ సబ్బు. చర్మం ఎర్రగా కందిపోయింది.

"నాను రానులే అమ్మా" అంది, తల ఎత్తకుండా. "నా వల్లే కదేటి గుంటకిలగైనాది. నా ఒళ్ళో ఎయ్యొద్దింక."

* * *

"వాసన మార్చాలి సార్" అంది రత్న.

పురుషోత్తం ఏలక్కాయ డబ్బా ఆమెవైపు తోశాడు. "బుధవారం ఆరోగ్య శాఖ సంఘం వస్తోంది. రాష్ట్రమంతా పసి వెయ్యడానికి అనుమతి ఇవ్వబోతున్నారు. ఇప్పుడా?"

"జాలరిపేటల్లో ఇది పనిచెయ్యదు. అక్కడ ఎవరూ వెనక్కి జరగరు. పిల్లలకు అంటుకుంటుంది. ఊళ్ళోవాళ్ళేమో ఏ జబ్బూ లేని మనుషుల్ని బస్సుల్లోంచి దించేస్తున్నారు."

"పాప ఎలా ఉంది?"

"ఆక్సిజన్ తీసేశారు. తేరుకుంటోంది."

"సంతోషం." ఆయన నిజంగానే సంతోషించాడు. "చూడండి రత్నగారూ, వందకు తొంభైమందికి పనిచేస్తోంది. మిగతావాళ్ళు కొన్నాళ్ళు ఆ వ్యాపారం మానుకుంటే సరిపోతుంది. వేరే పని చూసుకుంటారు. నిజం చెప్పాలంటే, ఆ కంపు జబ్బు కాకపోయినా జబ్బులాంటిదే. పట్నంలో ఉండదగ్గది కాదు."

రత్న ఆయన్నే చూసింది. తెల్లటి చొక్కా, గంధపు బొట్టు, ఏలక్కాయ వాసన. ఎంత శుభ్రమైన మనిషి. ఆరు సీసాల్లో దేనికీ రాని డోకు ఆ మాటకు వచ్చింది.

"అది అందరికీ కంపు కాదు సార్."

"మీరే నొక్కారు కదండీ, భరించలేనని" అన్నాడు పురుషోత్తం నవ్వుతూ. "ఏకగ్రీవం."

 గదిలోంచి వచ్చేశాక, ఆ డోకులో సగం తనమీదేనని రత్నకు అర్థమైంది.

* * *

బుధవారం పొద్దున్నే జాలరిపేటలో తల్లి గుమ్మం ముందు నిలబడింది.

"నెత్తళ్ళు పులుసు పెట్టే అమ్మా. చింతకాయ ఏసి. క్యారేజీ కట్టు."

అప్పయ్యమ్మ పొయ్యి దగ్గరనుంచి అనుమానంగా చూసింది. "ఆపీసుకా? నా కూర ఆ ఛాయలకి తేవొద్దని నువ్వే కదేటి మొత్తుకున్నావు. ఇయాల పట్టుకెల్తావా?"

"ఎల్తాను."

"ఉజ్జోగం ఊడిపోతాదేమో సూసుకో."

"ఊడితే నీకాడ కాకుల్ని తోల్తాను."

"నీకా?" అంది అప్పయ్యమ్మ. "నువ్వు తోల్తే కాకులు నెత్తిమీద కూకుంటాయి." చాలా రోజుల తర్వాత నవ్వింది. చింతకాయ దంచడానికి లేచింది.

బయలుదేరేముందు రత్న తన ముక్కులో పరీక్ష పుల్ల తిప్పుకుని, కాగితంమీద గీత చూసుకుంది. జలుబు లేదు. ఆ కాగితాన్ని పర్సులో పెట్టుకుంది.

సమావేశ మందిరం తలుపు తీయగానే ఆమెకు ఒక సంగతి వింతగా అనిపించింది. పొడుగాటి బల్లకు అటు చివర పురుషోత్తం, రెండు పక్కలా సంఘం సభ్యులు. అప్పటికే అందరి చేతుల్లోనూ రుమాళ్ళున్నాయి. ఒకాయన తుడుచుకుంటున్నట్టు ముక్కు దగ్గర ఉంచాడు, శాఖ కార్యదర్శి సుగుణాదేవి గడ్డం కింద పెట్టుకుని సగం కప్పుకుంది. క్యారేజీ ఇంకా గుమ్మం దాటనేలేదు.

రత్న లోపలికి వచ్చింది. పులుసు వాసన ఆమెతోపాటు వచ్చింది.

గదిలో పెద్ద ఊరట కలిగింది. అందరూ బాహాటంగా ముక్కులు మూసుకున్నారు.

"ఈవిడకు పసెక్కిందండీ" అన్నాడు ఒక సభ్యుడు.

"రత్నగారూ, పాపకు బాగాలేదు కదా, మీకు అంటుకున్నట్టుంది" అన్నాడు పురుషోత్తం. తర్వాత సంఘంవైపు తిరిగి, "చూశారా, తుమ్మైనా రాకముందే ఎలా పట్టిచ్చేసిందో. ఇంతకన్నా రుజువేం కావాలి? మీరంతా ఇలా నా వైపు వచ్చేయండి."

కుర్చీలు కిర్రుమన్నాయి. సంఘం మొత్తం బల్ల అటు చివరికి, పురుషోత్తం చుట్టూ, మోచేతులు తగిలేంత దగ్గరగా చేరింది. ఈ చివర రత్న ఒక్కతే.

ఆమె క్యారేజీ విప్పి గిన్నెలు బల్లమీద పేర్చింది. పరీక్ష కాగితాన్ని పక్కన పెట్టింది.

"నాకు జలుబు లేదు సార్. ఇది మా అమ్మ పెట్టిన నెత్తళ్ళ పులుసు. మా అమ్మ జాలరిపేటలో ఎండుచేపలు అమ్ముతుంది. జబ్బుకూ అన్నానికీ తేడా చెప్పలేని మందు ఇది. దీనివల్లే మా పాప చావుదాకా వెళ్ళొచ్చింది."

 సుగుణాదేవి కాగితాన్ని దూరంనుంచే వంగి చూసింది.

"ముందు ఆ గిన్నెలు అవతల పెట్టించండి" అంది.

అటెండరు వచ్చి క్యారేజీ సర్దుకుని పట్టుకెళ్ళాడు. పోతూ పోతూ, "మంచి వాసనొస్తంది మేడమ్" అన్నాడు మెల్లగా. తలుపు మూసుకుంది. ఏసీ గాలి తిరిగింది. రత్న ఆగింది. తను చెప్పదలుచుకున్నది అయిపోయింది. వెళ్ళిపోదామని తిరగబోయి, నిలబడిపోయింది.

వాసన పోలేదు.

పులుసు వాసన కాదు. అందులో చింతకాయ లేదు. బల్ల అటు చివరినుంచి వస్తోంది.

"క్యారేజీ వెళ్ళిపోయింది సార్. మీకు వాసన పోయిందా?"

"మీ చీరకు పట్టుంటుంది" అన్నాడు పురుషోత్తం విసుగ్గా.

"నేను రాకముందే వీళ్ళంతా రుమాళ్ళెందుకు పట్టుకున్నారు?"

సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత చూపులన్నీ బల్లమీదికి దిగిపోయాయి. ఆ చివరి కుర్చీలోంచి వస్తున్న ఊపిరి వాళ్ళందరికీ తెలుసు. పొద్దుటినుంచీ తెలుసు. డైరెక్టరుగారి మొహంమీద ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయన పక్కనుంచి లేవడానికి కాళ్ళూ రాలేదు. చేపలమ్మేదానికయితే బస్సులోంచి దిగమని చెప్పగలిగిన అసహ్యం, ఇక్కడ కుర్చీలో బుద్ధిగా కూర్చుని రుమాలుతో గడ్డం తుడుచుకుంటోంది.

"మీరు బయటికి వెళ్ళండి" అన్నాడు పురుషోత్తం.

రత్న వెళ్ళింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, సంఘం ఇంకా ఆయన్ను ఆనుకునే కూర్చుని ఉంది.

* * *

శుక్రవారం ల్యాబునుంచి సహాయకురాలు సుజిత ఫోన్ చేసింది.

"మేడమ్, డైరెక్టర్‌గారికి జలుబు. మంచంమీదున్నారు."

"తెలుసు."

"కార్యదర్శిగారికి కూడానట. ఆ సంఘంలో అందరికీనట మేడమ్. ఒక్కరు కూడా మిగల్లేదు. అనుమతి కాగితం మీద సంతకం పెట్టకుండా ఆపేశారు. ఆ రోజు గదిలో ఏం జరిగిందో రాసివ్వమని సుగుణాదేవిగారు మిమ్మల్నే అడుగుతున్నారు." సుజిత గొంతు తగ్గించింది. "మీకు బాగానే ఉందా మేడమ్?"

"నా దగ్గర ఎవరూ కూర్చోలేదు కదా" అంది రత్న.

ఏం రాయాలో ఆమెకు తెలుసు. మొదటి వాక్యం తను నొక్కిన మీట గురించి. రెండోది, ఇకమీదట వాసన వద్దని. ఏ వాసన తీసుకున్నా అది ఎవరో ఒకరి ఇల్లయి ఉంటుంది. ఇంటింటికీ పరీక్ష పుల్లలు పంచండి, గీత చూసి ఎవరికి వాళ్ళే తప్పుకుంటారు, అని రాయాలి. అందుకు ముందు ఒక పని ఉంది. ఆస్పత్రినుంచి ఇంటికి వచ్చిన పాపను భుజాన వేసుకుంది. భార్గవ్ అడక్కుండానే కారు తాళాలు తీశాడు.

జాలరిపేటలో ఇంటిముందు చేపలు ఆరబెట్టే తడికలు ఖాళీగా ఉన్నాయి. అప్పయ్యమ్మ గుమ్మంలో నిలబడింది. తలంటు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, మొహానికి, చేతులకు పౌడరు అద్దుకుంది. చేతులు వెనక్కి దాచుకుంది.

"వొద్దే. నా సేతుల్లో పెట్టకు."

"టెస్టు సేసినాం కదే అమ్మా. నీకేటి నేదు. పట్టుకో."

రత్న పాపను ఆమె చేతుల్లో పెట్టేసింది. పాప ఆ మొహంలోకి చూసింది. సబ్బు, పౌడరు. ముక్కు ఎగబీల్చింది, పెదవి విరిచింది, ఏడుపు లంకించుకుంది. కాళ్ళు తన్నుతూ ఆ కొత్తమనిషి చేతుల్లోంచి జారిపోవాలని చూసింది.

అప్పయ్యమ్మ మొహం మాడిపోయింది. "సెప్పానా? ఇదీ వొద్దంతోంది."

రత్న చుట్టూ చూసింది. దండెంమీద తల్లి పనిచీర వేలాడుతోంది, ఉప్పు మరకలతో, అంచుకు అంటుకున్న పొలుసులతో. దాన్ని లాగి తల్లి భుజాలమీద కప్పింది. కారు దగ్గరున్న భార్గవ్ చెయ్యి అలవాటుగా ముక్కు దాకా లేచింది. అక్కడ ఆగింది. తర్వాత అతను ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

పాప ఏడుపు మధ్యలో తెగింది. తల తిప్పి, వెతికి, ఆ మురికి కొంగులో మొహం దూర్చింది. గుప్పిట బిగించి అంచును నోట్లో పెట్టుకుంది.

"ఛీ, వొగ్గేయే, పొలుసులున్నాయి" అంది అప్పయ్యమ్మ, లాగబోయి, లాగలేక. "సూడవే. పసిగట్టీసింది గుంట."